నునుపు చేసిన గీత

సింగపూరు సెంగ్‌కాంగ్‌లో మా బ్లాకు పక్కనుంచి వెళ్లే చిన్న రైలుకు డ్రైవరు ఉండడు. స్టేషను దగ్గరపడగానే దానంతటదే వేగం తగ్గించుకుంటుంది. సరిగ్గా ఆ క్షణంలో నా కుడిచేతి వేళ్లు ముడుచుకుంటాయి. అక్కడ లేని ఒక బ్రేకు లీవరును అందుకుని అరచేతి వైపు లాగుతాయి. నేను జీవితంలో ఎన్నడూ మోటారు సైకిలు నడపలేదు. మా అమ్మాయి ఇది చాలాసార్లు గమనించింది. "నాన్నా, వై యువర్ హ్యాండ్ ఆల్వేస్ లైక్ దట్ లా?" అంటుంది, ఇక్కడివాళ్లు ప్రతి మాటకూ తగిలించే లా తోకతో. తిమ్మిరి అంటాను. పిల్లల దగ్గర అబద్ధం ఆడకూడదని నియమం పెట్టుకున్నవాణ్ణి, ఈ ఒక్క విషయంలో ఆడుతూనే ఉన్నాను. తిమ్మిరి పట్టింది నా చేతికి కాదు. ఇటలీ నుంచి వచ్చిన ఒక రేసు కుర్రవాడి చేతికి.

అతని పేరు రాయను. రాసే హక్కు నాకు లేదు.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరచిపోతాయని లోకం భయపడిన రోజుల్లో, ఆ భయం పుణ్యమా అని సింగపూరు వచ్చినవాళ్లలో నేనొకణ్ణి. ఆ ఏడాది వచ్చింది, వెళ్లింది. ఏ కంప్యూటరూ ఏమీ మరచిపోలేదు. మాకు పని లేకుండా పోయింది. కొందరిని బ్యాంకులకు పంపారు, కొందరిని ఓడరేవుకు. నన్ను మాత్రం జురాంగ్ వెస్ట్ దాటాక ఉన్న షెడ్లలో ఒక రేసు బైకుల వర్క్‌షాపుకు పంపారు.

అప్పట్లో టోవా పాయోలో ఒక ఫ్లాటులో ముగ్గురం ఉండేవాళ్లం. అందులో నెల్లూరు అతను నన్ను మొదటి రోజునుంచే రాజావారూ అని పిలిచేవాడు. నా నడక చూసి పెట్టిన పేరు అది. మా కుటుంబం సంగతి అతనికి తరువాత తెలిసింది. తెలిశాక మానేస్తాడేమో అనుకున్నాను, మానలేదు.

"రాజావారూ, మిమ్మల్ని మెకానిక్ షెడ్డుకు పంపిస్తా ఉండారంటనే. కిరీటంతో పోతారా, హెల్మెట్‌తో పోతారా?"

"టైతో వెళతాను," అన్నాను. నిజంగానే టై కట్టుకుని వెళ్లాను.

మా కుటుంబం సంగతి ఇక్కడ రెండు ముక్కల్లో చెప్పాలి. మా ముత్తాతగారికి గుర్రపుశాల ఉండేది. నా కాలానికి ఒక కళ్లెం మిగిలింది. దాన్ని కూడా సినిమావాళ్లు షూటింగుకని తీసుకుపోయి తిరిగి ఇవ్వలేదు. అడగడం మాకు చేతకాలేదు. మాకు చేతకానివాటిలో అడగడం మొదటిది. ఇంటర్వ్యూలో ఎదుటివాణ్ణి సార్ అనడానికి నా నాలుక ఆరు నెలలు మొరాయించింది. ఇది గొప్ప కాదని నాకు తెలుసు. అయినా వెన్నెముక ఒకసారి ఒక తీరున ఎదిగాక దాన్ని వంచడం తేలిక కాదు.

వర్క్‌షాపు యజమాని అరవై దాటిన చీనా పెద్దమనిషి. అందరూ ఆయన్ని అంకుల్ అనేవాళ్లు, నేనూ అలాగే అన్నాను. లారీలు బాగుచేస్తూ మొదలై, రేసు బైకుల మీద పిచ్చితో రెండు బైకులు సొంతంగా తయారుచేసుకుని, మలేసియాలో జరిగే పందేలకు వ్యాన్‌లో తీసుకెళ్లేవాడు. ఇంజను విప్పడం నుంచి బ్రేకు నట్లు బిగించడం దాకా అంతా స్వయంగా ఆయనే.

ఆయన నన్ను కింది నుంచి పైకి చూశాడు. "నువ్వేనా కంప్యూటర్ బాయ్? ఏంటి ఇంత నిటారుగా నిలబడ్డావు? ఆర్మీ నుంచి వచ్చావా లా?"

"కాదండీ."

"మరి కూర్చో. ఇక్కడ ఎవడూ సెల్యూట్ కొట్టడు."

నా పని ఇది. బైకు సీటు కింద అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఒక పెట్టె ఉండేది. వేగం ఎంత, ఇంజను ఎంత తిరుగుతోంది, ముందు బ్రేకును రైడరు ఎంత బలంగా పట్టుకున్నాడు అనేవి తీగల మీదుగా అందులోకి అంకెలుగా చేరేవి. బైకు తిరిగి వచ్చాక నేను వాటిని ల్యాప్‌టాప్‌లోకి దింపి గీతలుగా గీసేవాణ్ణి. ముందు బ్రేకు కుడిచేతి లీవరు. కాబట్టి బ్రేకు గీత అంటే కుడిచేతి చరిత్రే. లీవరు గట్టిగా పట్టుకుంటే గీత కొండలా లేస్తుంది, వదిలితే జారుతుంది.

కుర్రవాడు మూడో రోజు వచ్చాడు. ఇరవై రెండేళ్లు. ఇటలీలో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు వాళ్లది. తండ్రి రొట్టెలు కాల్చేవాడు. బేకరీ వెనుక పెరట్లో పిండి బస్తాల మధ్య అయిదేళ్ల వయసులో బొమ్మంత బైకు ఎక్కాడట. పన్నెండేళ్లకు పిల్లల పందేల్లో గెలిచాడు. పదిహేడుకు వాళ్ల దేశపు జూనియర్లలో మొదటివాడయ్యాడు. పంతొమ్మిదికి యూరప్ పెద్ద పందేల్లో చిన్న ఇంజన్ల తరగతిలో ఒక టీములో సీటు దొరికింది. రెండేళ్లు పడ్డాడు, లేచాడు, పడ్డాడు. మూడో ఏడు అతని సీటు ఇంకొకరికి ఇచ్చేశారు. అక్కడి టీములు ఒక ఏడాది కనిపించనివాణ్ణి మరచిపోతాయి. అందుకే కనిపించడానికి ఇంత దూరం వచ్చాడు. ఒక యూరప్ టీము మనిషి అతనికి ఒక్క మాట ఇచ్చాడు. ఈ సీజను మొదటి ముగ్గురిలో ఉంటే వచ్చి చూస్తాం అని. అతని చేతిలో ఉన్నది ఆ ఒక్క సీజనే. ఇది వర్క్‌షాపులో అందరికీ తెలుసు.

మా ఇద్దరి ఇంగ్లీషూ అరువుదే కనుక తొందరగా స్నేహం కుదిరింది. నా టై చూసి మొదటి రోజే ప్రొఫెసర్ అని పేరు పెట్టాడు. అతను ట్రాక్‌ను ఒక చుట్టు తిరిగిన ల్యాపు గీతను తెర మీద చూపించినప్పుడు పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, గీత మీద వేలు పెట్టి, కళ్లు మూసుకున్నాడు. నోటితో ఇంజను శబ్దం చేస్తూ, కూర్చున్న చోటే ఒళ్లంతా కుడికి, ఎడమకు వాల్చుతూ ఆ ల్యాపు మొత్తం మళ్లీ నడిపాడు. వేలు ఎక్కడుందో కళ్లు తెరవకుండానే అతనికి తెలిసింది. చివరి మలుపు దాటాక కళ్లు తెరిచి, "నాకంటే ఇది బాగా చెబుతోంది," అన్నాడు. నేను రాసిన ప్రోగ్రాముకు అంతకు ముందుగాని ఆ తరువాతగాని అంత పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు.

మధ్యాహ్నాలు ముగ్గురం దగ్గర్లో తిండి అంగళ్లుండే హాకర్ సెంటరుకు వెళ్లేవాళ్లం. అంకుల్ టిష్యూ ప్యాకెట్టు బల్ల మీద విసిరి చోప్ చేసేవాడు. కాగితం ముక్క పెట్టి చోటు ఆక్రమించుకోవడం నాకు నచ్చేది కాదు. నేను నిలబడి ఎవరైనా లేచేదాకా ఆగేవాణ్ణి. "చూడు, మహారాజు సింహాసనం కోసం కాచుకున్నాడు," అని అంకుల్ నవ్వేవాడు. నెల్లూరు అతనికీ ఈయనకీ పరిచయం లేదు. ఇద్దరికీ ఒకే మాట తోచింది.

మూడు పందేలు అయ్యాక ఒక సోమవారం చూశాను. కుర్రవాడు చికెన్ రైసు ఎడంచేత్తో తింటున్నాడు. చెంచాతోనే, అయినా ఎడంచేత్తో. మా ఇంట్లో పంక్తిలో ఎడమచెయ్యి ఆకు దాకా వచ్చిన పిల్లవాణ్ణి మధ్యలో లేపేసేవాళ్లు. ఎంత గెలిచినా పెంపకం లేని మనిషి అనుకున్నాను. మరునాడూ ఎడంచేత్తోనే తిన్నాడు. అంతకు ముందు వారమంతా కుడిచేత్తో తిన్నాడని అప్పుడు గుర్తొచ్చింది. అంకుల్ ఎదురుగానే ఉన్నాడు. ఆయనకు ఏ చేత్తో తిన్నా ఒకటే కాబట్టి ఆయన కంట పడలేదు. నేను మాత్రం చెంచా కింద పడేసుకున్నట్టు వంగి చూశాను. బల్ల కింద అతని కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. వేళ్లు ముడుచుకోవాలని చూస్తున్నాయి, సగం దాకా వచ్చి ఆగిపోతున్నాయి.

షెడ్డుకు తిరిగి వెళ్లి ఆదివారం పందెం గీత తెరిచాను. మొదటి ల్యాపుల్లో బ్రేకు గీత నిండు కొండ. పదో ల్యాపు దాటాక మెట్లు మెట్లుగా ఉంది. పట్టుకుంటున్నాడు, జారిపోతోంది, మళ్లీ పట్టుకుంటున్నాడు. అంకుల్ టీ తాగడానికి వెళ్లిన సమయంలో అతను వచ్చి నా వెనుక నిలబడ్డాడు. తెర చూశాడు. నేను చూస్తున్నది ఏమిటో అతనికి వెంటనే తెలిసింది.

"పది ల్యాపుల తరువాత నిద్రపోతుంది," అన్నాడు చెయ్యి చూపించి. "ముంజేయి లోపల వాచి, రాయిలాగా అవుతుంది. మా వాళ్లలో చాలామందికి వస్తుంది ప్రొఫెసర్. డాక్టరు కోసి తెరుస్తాడు, తగ్గిపోతుంది."

"మరి కోయించుకో."

"రెండు నెలలు బైకు ఎక్కకూడదు. సీజను పోతుంది. సీజను అయ్యాక కోయించుకుంటాను. వ్యాయామం చేస్తున్నాను, మెల్లగా తగ్గుతుంది. అంకుల్‌కు చెప్పొద్దు. చెబితే నన్ను దింపేస్తాడు."

"నేనేమీ చూడలేదు," అన్నాను.

అది మా ఇంటి మాట. దాని వెనుక ఉన్నది చెప్పకపోతే తరువాత నేను చేసింది ఎవరికీ అర్థం కాదు.

మా నాన్నగారికి నలభై అయిదో ఏట చూపు తగ్గడం మొదలైంది. అప్పటికి మాకు అద్దె ఇల్లు, ఒక పాత కారు మిగిలాయి. ఆయన రోజూ సాయంత్రం ఆ కారు నడుపుకుంటూ ఊరి మధ్యనుంచి వెళ్లేవారు. అది మానేస్తే మా కుటుంబం అయిపోయినట్టేనని ఆయన అనుకున్నారో, మేమే అనుకున్నామో తెలియదు. నాకు పద్నాలుగేళ్లు. పక్క సీట్లో కూర్చుని పెదవులు కదలకుండా చెప్పేవాణ్ణి. ఎడమ పక్క సైకిలు. ఎదుర లారీ. కుడివైపు అరుగు మీద ప్లీడరుగారు దండం పెడుతున్నారు. నాన్నగారు సరిగ్గా అటువైపే తిరిగి చెయ్యి ఎత్తేవారు. ఆయనకు చూపు లేదని నేను ఆయనతో ఎన్నడూ అనలేదు. ఆయనా నాతో అనలేదు. అమ్మ కూడా అంతే. ఇంటికి ఎవరైనా వస్తే ఆయన నడిచే దారిలో పీటలు, చెంబులు చడీచప్పుడు లేకుండా తీసేసేది. నాలుగేళ్లు అలా నడిచింది. కారుకు ఒక్క గీటు పడలేదు. ఆయనది డేగ చూపని ఊళ్లో అనుకునేవాళ్లు. పెద్దవాళ్ల లోపం కంటపడితే దానికి మన ఒళ్లు అడ్డుపెట్టాలి. ఎవరూ నాకు ఇది నోటితో నేర్పలేదు. అది ఎన్నడూ బెడిసికొట్టలేదు కనుక అదే సరైన మర్యాద అనుకుంటూ పెరిగాను. ఎదురుగా వచ్చినవాళ్లు ఎలా తప్పుకున్నారో అప్పుడు ఆలోచించలేదు.

మరుసటి పందెం అయ్యాక అంకుల్ నా భుజం మీదనుంచి తెర చూశాడు. "ఈ గీత ఏంటి మెట్లలాగా ఉంది?"

కుర్రవాడు పక్కనే ఉన్నాడు. చేతిలోని రుమాలును చూసుకుంటున్నాడు.

"సెన్సారు సరిగా పనిచేయడం లేదు," అన్నాను. "పిచ్చి అంకెలు వస్తున్నాయి."

"పిచ్చి అంకెలు నాకెందుకు లా? బాగుచెయ్."

బాగుచేశాను. ఆ రోజుల్లో పెట్టెలో జాగా చాలా తక్కువ. వచ్చిన ప్రతి అంకెనూ దాచకుండా, ముందూ వెనుకా ఉన్న కొన్నింటిని కలిపి సగటు తీసి, ఆ సగటును మాత్రమే దాచే ఏర్పాటు ఒకటి పెట్టెలోని ప్రోగ్రాములోనే ఉండేది. దాన్ని పెంచాను. ఎంత పెంచితే మెట్లు పూర్తిగా మునిగిపోతాయో అంత. తరువాతి పందెంలో గీత మళ్లీ నిండు కొండలా వచ్చింది, అంచులు నున్నగా. అంకుల్ తల ఊపాడు. కుర్రవాడికి నేను చేసింది చెప్పలేదు. మా ఇంటి తీరులో చెప్పకుండా చేసేదే సాయం. చెబితే అది ఎత్తిపొడుపు అవుతుంది.

అక్కడే తప్పు చేశాను. ఇలాంటి తప్పు నాలాంటి ఇంట్లో పుట్టినవాడే చేయగలడు.

అతను ఎప్పటిలాగే స్టూలు లాక్కుని, గీత మీద వేలు పెట్టి కళ్లు మూసుకున్నాడు. ల్యాపు మధ్యలో కళ్లు తెరిచాడు. "ఇది పదిహేనో ల్యాపేనా?"

"అవును."

"చూడు!" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. "నా చేతికి ఏమీ తెలియడం లేదుగాని, పట్టు ఉంది చూడు! వ్యాయామం పనిచేస్తోంది ప్రొఫెసర్. చెయ్యి అబద్ధం చెబుతోంది, అంతే."

అప్పుడే చెప్పి ఉండాలి. నోటిదాకా వచ్చింది. ఆ వెలుగును నా చేతులతో ఆర్పడం ఎలా అనిపించింది. ఇంకో మాట కూడా ఉంది, దాచను. నేను చేసిన మర్యాదను నేనే పైకి చెప్పుకోవడం చిన్నతనం అనిపించింది. ఆ రెంటిలో ఏది ఎక్కువ బరువో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ నమ్మకంతో అతను వేగం పెంచాడు. సూటి దారి చివర అందరూ బ్రేకు పట్టుకునే చోటును దాటి ఇంకా లోపలికి వెళ్లి పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఒక మూడో స్థానం, ఒక రెండో స్థానం, మళ్లీ ఒక మూడు వచ్చాయి. పట్టికలో మూడోవాడయ్యాడు. యూరప్ మనిషి ఫోను చేశాడు. అంకుల్ అందరికీ చిల్లీ క్రాబ్ పెట్టించాడు. కుర్రవాడు పీతను ఎడంచేత్తో విరవలేక అవస్థపడుతుంటే నేను విరిచి పళ్లెంలో పెట్టాను. అంకుల్ చూసి, "రాజుగారు వడ్డిస్తున్నారు, ఫొటో తియ్యండిరా," అన్నాడు. అందరం నవ్వాం. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. అందులో నా గొంతు వేరుగా వినిపిస్తుంది.

ఆఖరుకు ముందు పందెం. మధ్యాహ్నపు ఎండకు తారు మీద గాలి నీళ్లలా కదులుతోంది. నేను ట్రాక్ పక్కన టీములుండే పిట్‌లో కూర్చుని ఉన్నాను. అక్కడినుంచి సూటి దారి చివర కనిపించదు, వినిపిస్తుంది. ప్రతి ల్యాపులోనూ ఇంజను అరుపు ఒక చోట తెగి, గేరు గేరుకూ నాలుగు మెట్లు కిందకు దిగేది. ఆ చోటు నాకు కంఠతా వచ్చింది. పద్నాలుగో ల్యాపులో అరుపు ఆ చోటు దాటింది. ఆ తరువాత కూడా ఆగలేదు. తరువాత రాళ్ల మీద ఏదో దొర్లిన చప్పుడు. ఆ తరువాత మిగతా బైకుల మోత. అతనిది మాత్రం లేదు.

అంకుల్ రబ్బరు చెప్పులతోనే పరుగెత్తాడు. అరవై దాటిన మనిషి అలా పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. నేను కూర్చున్న చోటునుంచి లేవలేకపోయాను.

ప్రాణం పోలేదు. ఎడమకాలు రెండు చోట్ల విరిగింది, భుజం ఎముక విరిగింది. కుడిచేతికి ఒక్క దెబ్బ తగలలేదు. బైకు టైర్ల గోడకు కొట్టుకుని నుజ్జయింది. బ్రేకు గొట్టం తెగి వేలాడుతోంది. అది పడ్డాక తెగిందా, ముందే తెగిందా అన్నది చూసి చెప్పడానికి వీలు లేదు.

అయిదో రోజు మలేసియాలోని ఆసుపత్రికి వెళ్లాను. అతని కాలు పైకి కట్టి ఉంది. నన్ను చూడగానే కూర్చోమని కూడా అనలేదు.

"తెరిచావా?"

"ఏమిటి?"

"పెట్టె! ఆఖరి ల్యాపు. నాకు గుర్తు లేదు ప్రొఫెసర్. సూటి దారి గుర్తుంది, ఆ తరువాత ఆకాశం గుర్తుంది. మధ్యది లేదు. నేను పట్టుకున్నానా? పట్టుకున్నా బ్రేకు పడలేదా? చెయ్యా, బ్రేకా? నీకు తెలుసు కదా. గీత చెబుతుంది కదా."

పెట్టె దక్కింది. నేను తెరిచాను. ఆఖరి ల్యాపు గీతలో ఆ చోట ఒక చిన్న గుట్ట ఉంది, నున్నగా. చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని జారిపోయినా అలాగే ఉంటుంది. గట్టిగా పట్టుకున్న క్షణంలోనే గొట్టం తెగినా అలాగే ఉంటుంది. రెండింటినీ వేరుచేసే పదునైన అంచును నా సగటు తినేసింది. అసలు అంకెలు ఎక్కడా లేవు, పెట్టె వాటిని దాచనే లేదు.

నిలబడే చెప్పాను. మెట్లు ఎప్పుడు కనిపించాయో, అంకుల్‌తో ఏమన్నానో, ఏం మార్చానో, ఎంత మార్చానో. పక్క మంచం మీది ముసలాయన రేడియోలో ఏదో మలయ్ పాట వస్తోంది.

"నేను చెప్పొద్దన్నాను," అన్నాడు చివరికి. "చెరిపేయమనలేదు."

"అవును."

"ఆ పదిహేనో ల్యాపు. పట్టు ఉంది చూడు అన్నానే. అది నా చెయ్యి కాదా?"

"కాదు."

"నేను ఆ గీతను చూసే..." అని ఆగిపోయాడు. తరువాత తల గోడ వైపు తిప్పుకున్నాడు. కోపపడి ఉంటే భరించేవాణ్ణి. మా వంశంలో కోపాన్ని నిటారుగా నిలబడి భరించడం అందరికీ వచ్చు. అతను కోపపడలేదు. కుడిచేతిని పైకెత్తి, వేళ్లు ముడిచి, విప్పి, ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు.

అంకుల్‌కు మరునాడు చెప్పాను. ఆయన షెడ్డులో నేల మీద గోనెపట్టా పరిచి, బ్రేకు ముక్కలన్నీ దాని మీద వరసగా పేర్చుకుని కూర్చున్నాడు. వారం నుంచి అదే పని అని తరువాత తెలిసింది. నేను చెప్పిందంతా విన్నాడు. చేతిలోని నట్టును బట్టతో తుడుస్తూనే ఉన్నాడు.

"నలభై ఏళ్లుగా బ్రేకులు బిగిస్తున్నాను," అన్నాడు. "ఈ వారమంతా నా చేతులనే అనుమానించుకున్నాను. ఎక్కడ మరిచాను, ఏది వదులు పెట్టాను అని. ఇప్పుడు నువ్వొచ్చి, తప్పు నీది కాకపోవచ్చు అంటున్నావు. కాకపోవచ్చు. అంతే కదా? కాదు అని చెప్పలేవు కదా?"

"చెప్పలేను."

"నువ్వు చాలా మర్యాదస్తుడివి లా," అన్నాడు. ఆయన నన్ను ఆటపట్టించకుండా అన్న మొదటి మాట అది. "రేపు రా. పెట్టె మామూలుగా పెట్టు."

పని తీసేస్తాడనుకుని వెళ్లాను. తీసేయలేదు. ఆ షెడ్డులో ఇంకో ఏడాది పనిచేశాను. అంకుల్ ప్రతి బైకునూ బిగించాక మళ్లీ విప్పి చూసుకునేవాడు. అంతకు ముందు ఆయనకు ఆ అలవాటు లేదు. నేను కీబోర్డు మీద వేళ్లు పెట్టుకుని, ఆ స్పానరు చప్పుడు రెండుసార్లు వినేవాణ్ణి.

కుర్రవాడు కాలు అతుక్కున్నాక ముంజేయి కోయించుకున్నాడు. ఇటలీ వెళ్లకుండా ఇక్కడే ఉండి ఎనిమిది నెలలు కసరత్తు చేశాడు. సీజను ఎలాగూ పోయింది. కాని యూరప్ మనిషి మాట పూర్తిగా వెనక్కి తీసుకోలేదు. తూర్పు వైపు ఏదో పని మీద వస్తున్నాననీ, ఒక ఉదయం ఖాళీ ఉందనీ, ట్రాక్ మీద నడిపి చూపించమనీ అన్నాడు. అతనికి మిగిలింది ఆ ఒక్క ఉదయం.

కుర్రవాడే ఫోను చేసి, నన్ను రమ్మన్నాడు. "గీత కావాలి," అన్నాడు. "ఈసారి ముడిది, సగటు తీయనిది."

అదే ట్రాక్. రాత్రి వానకు కడిగినట్టున్న ఉదయం. యూరప్ మనిషి తెల్ల చొక్కా, చేతిలో స్టాప్‌వాచీ. చాలా మర్యాదగా మాట్లాడాడు. కుర్రవాడు హెల్మెట్ పెట్టుకునే ముందు నాకేసి కుడిచెయ్యి చాచాడు. నా చెయ్యి పట్టుకుని నొక్కాడు. ఎముకలు విరిగినంత పనైంది. నవ్వాడు. ఆసుపత్రి తరువాత అతను నాతో నవ్వడం అదే మొదటిసారి.

ఆరు ల్యాపులు తిరిగి వచ్చాడు. అంకెలు దింపాను. గీత చూడగానే నా కళ్లు చెమర్చాయి. అంత అందమైన బ్రేకు గీత నేను చూడలేదు. పదునుగా లేచింది, శిఖరం మీద కదలకుండా నిలబడింది, సాఫీగా దిగింది. ఆరు ల్యాపుల్లోనూ అంతే. చెయ్యి పూర్తిగా వచ్చేసింది.

తరువాత కింద దూరం అంకెలు చూశాను. సూటి దారి చివర, పాత చోటుకు పది మీటర్ల ముందే బ్రేకు పట్టుకున్నాడు. రెండో ల్యాపులో పదిహేను. మూడులో ఇరవై. ఆరో ల్యాపులో దాదాపు నలభై. తెల్ల చొక్కా మనిషి స్టాప్‌వాచీని చూసుకున్నాడు.

కుర్రవాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గ్లవ్స్ తీసి తొడమీద పెట్టుకున్నాడు. "చెప్పు."

నా దగ్గర మెత్తని మాటలు చాలా ఉన్నాయి. టైర్లు చల్లగా ఉన్నాయి, ట్రాక్ తడిగా ఉంది, ఎనిమిది నెలల విరామం కదా. ఒక్కొక్కటీ సగం నిజమే. అంకుల్ నా వెనుక వచ్చి నిలబడ్డాడు. ఆయన చూస్తున్నది తెరను కాదు, నన్ను.

"చెయ్యి బాగుంది," అన్నాను. "ఇంతకు ముందెన్నడూ ఇంత బాగా లేదు."

"మరి?"

"ముందే పట్టుకుంటున్నావు. ప్రతి ల్యాపుకూ ఇంకొంచెం ముందు."

"ఎంత?"

"మొదట పది మీటర్లు. ఆఖరున నలభై."

నేను అతని ముఖం చూడలేదు. చూడాలని తరువాత అనుకున్నాను. అతను ఒక వేలు చాచి గీతను తాకి, వెంటనే తీసేశాడు.

"ఆ చోట ఏముందో నాకు తెలియదు ప్రొఫెసర్," అన్నాడు మెల్లగా. "తప్పు చేతిదైతే, అది బాగయింది. బ్రేకుదైతే, అంకుల్ దాన్ని మార్చాడు. రెండింటిలో ఏది అని తెలిస్తే అక్కడికి వెళ్లగలను. తెలియని చోటుకు మూడు వందల వేగంతో ఎలా వెళ్లను?"

అంకుల్ అప్పుడు కిందికి చూశాడు. ఆ జవాబును పెట్టెలో నేనే లేకుండా చేశాను.

"ఇంకో మూడు ల్యాపులు," అని లేచాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. వెళ్లాడు. మేమిద్దరం వింటూ నిలబడ్డాం. మొదటి ల్యాపులో ఇంజను అరుపు చాలా ముందే తెగింది. రెండో ల్యాపులో ఇంకా ముందు. మూడో ల్యాపు సూటి దారి మీద అతను అసలు వేగమే పెంచలేదు. నెమ్మదిగా, బజారుకు వెళ్లి వస్తున్నవాడిలా పిట్‌లోకి వచ్చి, అంకుల్ ముందు ఆపి, తనే ఇంజను కట్టేశాడు. తెల్ల చొక్కా మనిషి దగ్గరకు నడిచి వెళ్లి, చెయ్యి కలిపి, ఏదో ఇటాలియన్‌లో చెప్పాడు. ఆ మనిషి అతని భుజం తట్టాడు.

తిరిగి వచ్చి నా ముందు నిలబడ్డాడు. "ఈ మూడు ల్యాపులవీ కాగితం మీద అచ్చు తీసి ఇవ్వగలవా? మా నాన్న అడుగుతాడు, ఎందుకు మానేశావని. ఆయనకు బైకుల సంగతి తెలియదు, గీత చూపిస్తే అర్థమవుతుంది."

అచ్చు తీశాను. చిన్న ప్రింటరు, చాలాసేపు పట్టింది. ముగ్గురం ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం. అతను కాగితం అందుకుని గీత వైపు ఒకసారి చూసి, జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టాడు. అంకుల్ వంగి, బైకు ట్యాంకులో మిగిలిన పెట్రోలును గొట్టం పెట్టి డబ్బాలోకి దింపడం మొదలుపెట్టాడు.